మెట్ట బ్యాండు, పొడుగు పాట

ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే ఇళ్లు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. అడవి కర్రను కోసి, ఉలితో చెక్కి, ఆకురాయితో నునుపు చేసి, గరిటెలూ చెంచాలూ తయారు చేస్తారు. వలి ఇల్లు అందులో ఒకటి. తక్కిన ఇళ్లలో పొద్దుగూకేసరికి చప్పుళ్లు ఆగిపోతాయి. వలి ఇంట్లో అప్పుడే మొదలవుతాయి. చేతులకు అంటిన చెక్కపొడి కడుక్కుని, టీ తాగి, గోడకు తగిలించిన ఎలక్ట్రిక్ గిటారు కిందికి దించుతాడు. ఆయన భార్య బీబీజాన్ మాత్రం గరిటె చెక్కడం ఆపదు. గిటారు గట్టిగా మోగితే ఆమె ఆకురాయి కూడా గట్టిగానే గీస్తుంది. పోటీ కాదు, అలవాటు.

వలి నాయన దస్తగిరి బ్యాండుమేళంలో క్లారినెట్ వాయించేవాడు. ఉదయగిరి నుంచి అనంతసాగరం దాకా ఆయన లేకుండా పెళ్లి ఊరేగింపు కదిలేది కాదంటారు. తర్వాత డీజే పెట్టెలు వచ్చి మేళాలు మూలపడ్డాయి. దస్తగిరి కోప్పడలేదు గానీ, కొడుక్కి క్లారినెట్ నేర్పడం మానేశాడు. ఆ వాయిద్యం మీద ఇక బతకలేవు నాయనా అన్నాడు. వలికి బతకడం సంగతి పట్టలేదు, వాయించకుండా మాత్రం ఉండలేకపోయాడు. చర్చిలో పాటలకు గిటారు వాయించే లిదియమ్మ టీచరు దగ్గరికి పోయి నేర్పమని అడిగాడు. గోళ్లు కత్తిరించుకుని రమ్మందామె. అంతే, అక్కడ మొదలైంది.

ఆత్మకూరులో కోటేశ్వర్‌కు మైకుసెట్లు బాడుగకిచ్చే అంగడి ఉంది. డ్రమ్స్ వాయిస్తాడు. సోమశిల ప్రాజెక్టు ఆఫీసులో పనిచేసే హర్ష బేస్ గిటారు. ఆత్మకూరులోనే నర్సుగా ఉన్న సుస్మిత పాడుతుంది. వీళ్లకు వలి తోడై మెట్ట బ్యాండు తయారైంది. పెళ్లిళ్లకూ, రిసెప్షన్లకూ సినిమా పాటలు వాయిస్తారు. ప్రాణం మాత్రం ఇంగ్లీషు రాక్ పాటల మీద. జనం భోజనాలకు లేచినప్పుడు ఎవరూ పట్టించుకోరన్న ధైర్యంతో వాటిని వాయించేవాళ్లు. ఒకసారి కలిగిరిలో పెళ్లికొడుకు మేనమామ చేతిలో విస్తరాకుతో స్టేజీ దగ్గరికొచ్చి, అన్నం తినేదాకన్నా ఆపండయ్యా, పప్పు అడిగితే వడ్డించే పిల్లోడికి వినపడడం లేదు అని బతిమాలుకున్నాడు.

ఆ రాక్ పాటల్లో వలికి అన్నిటికన్నా ఇష్టమైనదానికి బ్యాండులో అందరూ పొడుగు పాట అని పేరు పెట్టుకున్నారు. మద్రాసులో ముప్పై ఏళ్ల కిందట ఒక బ్యాండు చేసిన పాట అది. దాని మధ్యలో పెద్ద గిటారు వాయింపు ఉంటుంది. వాయించిన మనిషి ప్రభు మోజెస్. ఆ బ్యాండు విడిపోయినా ఆయన పేరు పోలేదు. సినిమాల్లో వాయించాడు, దేశాలు తిరిగాడు. వలి వయసులో ఉన్నప్పుడు లారీ డ్రైవరుగా పనిచేసే బావ ఆ క్యాసెట్టు తెచ్చిచ్చాడు. దాన్ని వినీ వినీ ఆ వాయింపు వేళ్లకు పట్టించుకున్నాడు.

కొన్నేళ్ల కిందట ఒక రిసెప్షన్లో వాళ్లు పొడుగు పాట వాయిస్తుంటే ఎవరో మొదటి కాస్త ముక్క ఫోనులో తీశారు. సుస్మిత ఆ వీడియో ఇన్‌స్టాగ్రాములో పెట్టి, ప్రభు మోజెస్ పేరు కూడా తగిలించింది. వారం తిరక్కముందే ఆయన దగ్గర్నుంచి సమాధానం వచ్చింది. తన తల్లిది కావలి అనీ, చిన్నప్పుడు సెలవులకు వచ్చి పోయినవాడినేననీ రాశాడు. మీ ఊళ్లో ఒక ప్రోగ్రాం పెడితే వచ్చి మీతో కలిసి వాయిస్తాను, నాకు మంచి భోజనం పెడితే చాలు అని చివర్న కలిపాడు.

వలి నమ్మలేదు. ఎవరో ఆట పట్టిస్తున్నారన్నాడు. సుస్మిత వీడియో కాల్ కలిపి ఫోను చేతికిచ్చింది. అవతల తెల్లగడ్డం మనిషి నవ్వుతూ నమస్కారం పెట్టేసరికి వలి ఫోనును కట్ చేసి పక్కన పెట్టేశాడు. తర్వాత ఆ పనికి సిగ్గుపడి క్షమాపణ చెప్పడానికి మళ్లీ సుస్మిత చేతే ఫోన్ చేయించాడు.

ప్రోగ్రాం ఆత్మకూరులో రామనారాయణరెడ్డి గారి కళ్యాణమండపంలో అనుకున్నారు. రెడ్డిగారికి పద్యనాటకాలంటే ప్రాణం. ఈ అరుపుల పాటలు నాకు అర్థం కావు, అయినా మద్రాసు నుంచి మనిషి వస్తా ఉంటే మండపం ఇవ్వనంటానా అన్నాడు. ఫ్లెక్సీ వేసినవాడు ప్రభు మోజెస్ పేరుకు ముందు సినీ అన్న మాట ఒకటి పెద్దక్షరాల్లో చేర్చాడు. దాంతో హీరో వస్తున్నాడని ఊరంతా పాకిపోయింది. అది కాదని చెప్పడానికి కోటేశ్వర్‌కు నోరు రాలేదు, ఎందుకంటే జనం వస్తారు.

ఆయన కారులో వస్తాడని అందరూ నెల్లూరు రోడ్డు వైపు చూస్తుంటే బస్సు దిగాడు. కారు సంగం దగ్గర మొరాయిస్తే, వెనకాలే వచ్చిన ఆర్టీసీ బస్సు చెయ్యెత్తి ఆపి ఎక్కేశాడట. సీటు లేక నిలబడ్డాడు గానీ, గిటారు పెట్టెకు మాత్రం ఒక పెద్దాయన ఒళ్లో చోటు దొరికింది. బస్టాండులో ఆ పెద్దాయన పెట్టెను జాగ్రత్తగా అందిస్తూ, మీ వీణ బరువుగా ఉండాది సార్ అన్నాడు.

ముందు వలి ఇంట్లో భోజనం చేయాలని ఆయనే పట్టుబట్టాడు. కోటేశ్వర్ తన వ్యానులో ఉదయగిరి తీసుకుపోయాడు. బీబీజాన్ పలావు, దాల్చా, ఎర్రగా వేయించిన కోడి వేపుడు చేసింది. ఆయన చెమటలు కారుస్తూ తిన్నాడు, నీళ్లు తాగి మళ్లీ తిన్నాడు. వలి మాత్రం ఎదురుగా కూర్చుని మెతుకు ముట్టలేదు. ఆ వేళ్లు ముద్ద కలుపుతుంటే చూస్తూ ఉండిపోయాడు.

భోజనాలయ్యాక ఆ ఇంటి వసారాలోనే రిహార్సల్ పెట్టుకున్నారు. పొడుగు పాట మొదలైంది. సుస్మిత పాడింది, హర్ష, కోటేశ్వర్ అందుకున్నారు. గిటారు వాయింపు దగ్గర వలీ, ప్రభూ ఇద్దరూ కలిసి వాయించాలని అనుకున్నారు. కొంతదూరం రెండు గిటార్లూ ఒకదాని నీడ ఒకటి అన్నట్టు నడిచాయి. అంతలో ఉన్నట్టుండి ఇద్దరూ చెరో దారిన పోయారు. ప్రభు ఒకటి వాయిస్తున్నాడు, వలి ఇంకొకటి వాయిస్తున్నాడు. చెవులు మూసుకునేంత కంగాళీ. కోటేశ్వర్ డ్రమ్స్ ఆపేశాడు.

“అది కాదే,” అన్నాడు ప్రభు. “నువ్వు వాయించింది ఏంటది?”

వలి దాచడానికేముందని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. బావ తెచ్చిన క్యాసెట్టును ఒకరోజు టేపురికార్డరు నమిలేసింది. నలిగిన టేపు కత్తిరించి అతికిస్తే పాట మిగిలింది గానీ ఆ వాయింపులో నడిమి భాగం పోయింది. తర్వాత పాటలన్నీ ఫోనుల్లోకి వచ్చినా, ఇది మాత్రం కుదించిన రకమే దొరికింది, అందులో ఆ వాయింపే లేదు. ఖాళీగా వదిలేస్తే పాట కుంటుతుందని, అక్కడ నాయన క్లారినెట్ మీద వాయించే ముక్క ఒకటి పెట్టుకున్నాడు. ఊరేగింపు పెళ్లికూతురి వీధిలోకి తిరిగేటప్పుడు దస్తగిరి వాయించే ముక్క అది. ఇన్నేళ్లుగా అదే వాయిస్తున్నాడు.

“తప్పే సార్. మీది నేర్పండి, సాయంత్రానికి పట్టేస్తాను,” అన్నాడు తల ఎత్తకుండా.

ప్రభు తన గిటారు పక్కన పెట్టాడు. ఒక్కడివే వాయించు అన్నాడు. వలి వాయించాడు. మళ్లీ అన్నాడు. మళ్లీ వాయించాడు. మూడోసారికి ప్రభు కళ్లు మూసుకుని, కాలితో దరువు వేస్తూ విన్నాడు. లోపల బీబీజాన్ గిన్నెలు తోమడం ఆపేసి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. పోయిన మామ వాయిస్తున్నట్టే ఉండాది అని ఆమె అనుకున్న మాట అందరికీ వినపడింది.

“వలీ, నీకొక మాట చెప్తాను, బయట చెప్పకు,” అన్నాడు ప్రభు. “ఆరోజు స్టూడియో టైమైపోతా ఉండింది. బయట ఇంకో బ్యాండు వాళ్లు తలుపు కొడతా ఉన్నారు. నడిమి ముక్క ఏదో ఒకటి వాయించేసి బయటపడ్డాను. ముప్పై ఏళ్లు అందరూ దాన్నే వాయించమంటే వాయించాను. నాకెప్పుడూ నచ్చలేదు. మీ నాయనది నాకు నేర్పించు.”

వలి కంగారుగా లేచాడు. సార్, మీరు నన్ను నేర్పమంటారేంది అన్నాడు. నేర్పకపోతే సాయంత్రం నువ్వొక్కడివే వాయించుకోవాల అన్నాడు ప్రభు. ఆ మాటకు భయపడి వలి నేర్పాడు. స్వరాలు వెంటనే దొరికాయి గానీ, ముక్క చివర్న దస్తగిరి ఊపిరి బిగబట్టి వదిలే ఒక సాగుడు ఉంది, అది మాత్రం గిటారు తీగ మీద ఆయనకు చాలాసేపు లొంగలేదు. దొరికినప్పుడు పిల్లవాడిలా చేతులు చరిచాడు.

సాయంత్రం మండపం నిండిపోయింది. హీరో కోసం వచ్చినవాళ్లు తెల్లగడ్డం మనిషిని చూసి కాసేపు గుసగుసలాడి, లేచి పోవడానికి మొహమాటపడి కూర్చున్నారు. ముందు నాలుగు సినిమా పాటలు పడేసరికి కుదురుకున్నారు. రామనారాయణరెడ్డి ముందు వరుసలో ఒళ్లో చేతులు పెట్టుకుని, పరీక్ష రాస్తున్నవాడిలా కూర్చున్నాడు.

తర్వాత పొడుగు పాట ఎత్తుకున్నారు. ఇంగ్లీషు మాటలు జనానికి అంటలేదు. వెనక వరుసల్లో కొందరు ఫోన్లు తీశారు. గిటార్ల వంతు వచ్చింది. ప్రభు ముందు వాయించాడు, వలి తోడు కలిశాడు. నడిమి ముక్క రాగానే ప్రభు ఒక అడుగు వెనక్కి వేసి వలికి కళ్లతో సైగ చేశాడు. వలి ఒక్కడే దాన్ని ఎత్తుకున్నాడు.

ఆడవాళ్ల వైపు నుంచి ఒక ముసలామె లేచి నిలబడింది. అనంతసాగరం నుంచి మనవరాలితో వచ్చిన ఆదిశేషమ్మ. పక్కనున్నవాళ్లు కూర్చోమని కొంగు లాగుతున్నా కూర్చోలేదు.

“ఇది దస్తగిరి మేళం గదా,” అంది గట్టిగా. “నా పెళ్లికి వీధి మొగదల వాయించినాడు.”

ఆ మాటతో మండపంలో వయసు మళ్లినవాళ్లంతా ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. అవును, నా పెళ్లికీ, మా చెల్లెలి పెళ్లికీ అంటూ ఒక్కొక్కరే లేచారు. రామనారాయణరెడ్డి కూడా లేచి, భుజాన కండువా తీసి దులిపి మళ్లీ వేసుకుని, వలి వైపు చూస్తూ నిలబడ్డాడు. కోటేశ్వర్‌కు సంగతి అర్థమై డ్రమ్స్ మీద ఊరేగింపు దరువు ఎత్తుకున్నాడు. హర్ష దాంట్లో పడిపోయాడు. రెండోసారి ముక్కకు ప్రభు వచ్చి కలిశాడు. రిహార్సల్‌లో అంత సతాయించిన సాగుడు ఈసారి సులువుగా పలికింది. ఎప్పుడు ఆపాలో ఎవరికీ తెలియలేదు. ఆదిశేషమ్మ మాత్రం చేతులు తిప్పుతూ వరుసల మధ్య ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిచింది, పెళ్లికూతురు నడిచినట్టు. పాట ఎంత పొడుగని పేరు పెట్టుకున్నారో, ఆరోజు దానికి రెండింతలు సాగింది.

దిగాక వలి స్టేజీ వెనక గోడకు ఆనుకుని ఏడ్చాడు. ప్రభు ఏడుపయ్యేదాకా పక్కనే నిలబడి సోడా తాగాడు. రామనారాయణరెడ్డి వచ్చి, రేయ్ వలీ, ఆ ఇంగ్లీషు పాట రాసినవాడికి మీ నాయన ముక్క ఎట్టా తెలిసిందిరా అని అడిగాడు. వలి ఎంత విడమరిచి చెప్పినా ఆయనకు ఎక్కలేదు. దస్తగిరి ఎప్పుడో మద్రాసు పోయి వాళ్లకు నేర్పి వచ్చాడనే ఆయన తీర్మానించుకున్నాడు. ఇప్పటికీ అడిగినవాళ్లకు అదే చెబుతాడు.

ప్రభు మోజెస్ ఊరికే ఉండే మనిషి కాదు. మద్రాసులోనూ హైదరాబాదులోనూ కనపడిన ప్రతి సంగీతగాడికీ ఆత్మకూరు గురించి చెప్పాడు. మరుసటేడు హైదరాబాదు నుంచి పేరున్న డ్రమ్మరు ఒకాయన వచ్చాడు. కోటేశ్వర్ ఆయనకు తన డ్రమ్స్ ఇచ్చేసి, వాయించడానికేం లేక గంజిర పట్టుకుని పక్కన కూర్చున్నాడు. ఆ డ్రమ్మరు ప్రోగ్రాంలో బాగానే వాయించాడు గానీ, బీబీజాన్ కారానికి తట్టుకోలేక తెల్లారి పెరుగన్నం మాత్రమే అడిగాడు. ఆ తర్వాత మైసూరు నుంచి వయొలిన్ వాయించే అన్నదమ్ములిద్దరు వచ్చారు. మధ్యలో ప్రభు పట్టుబట్టి వలిని మద్రాసు పిలిపించి, తన ప్రోగ్రాంలో పక్కన నిలబెట్టి వాయింపించాడు. నా గురువు కొడుకు అని జనానికి పరిచయం చేశాడు. ఎన్నడూ చూడని దస్తగిరిని ఆయన గురువును చేసుకున్నాడు. వలి ఆ రాత్రే బస్సెక్కి వచ్చేశాడు. అక్కడే ఉండి సినిమాల్లో వాయించమని అడిగారట. గరిటెల పని నిలిచిపోతుందని చెప్పాడు. అసలు కారణం అది కాదని బీబీజాన్‌కు తెలుసు. ఈ బ్యాండును వదిలి ఇంకొకళ్లతో వాయించడం ఆయనకు చేతకాదు.

ఈ ఏడు బెంగళూరు నుంచి బేస్ వాయించే ఒకావిడ వస్తోంది. హర్ష ఇప్పటినుంచే నిద్ర లేకుండా సాధన చేస్తున్నాడు. ఆమె రెండు రోజులు ముందే వచ్చి ఉదయగిరి కొండ ఎక్కుతానంది. వలి మిద్దె మీది గదిలో చెక్కముక్కలు ఎత్తి కింద పోసి, నేల కడిగి, ఫ్యాను బిగిస్తున్నాడు. బీబీజాన్ కింద నుంచి కేకేసి అడిగింది, ఆమెకు కారం సంగతి కనుక్కున్నావా లేదా అని.