ఫార్మలిన్‌లో వేశాం కదా!

సూరత్‌లో ఒక ఆసుపత్రి పాథాలజీ ల్యాబులో డాక్టరును నేను. ఒకరోజు పరీక్షకొచ్చిన మెదడు ముక్కను కోయడానికి మా టెక్నీషియన్, సిరిసిల్ల అమ్మాయి రజిత బ్లేడు అందుకుంది. అంతలో వార్డు నర్సు ఫోన్ చేసింది. ఆ రోగికి మెదడును గుల్లచేసి చంపే ప్రియాన్ జబ్బని అనుమానమట! చిన్న గాటుతోనైనా అంటుకోవచ్చు. మందు లేదు.

"రజితా, ఆపు!" అని అరిచాను.

ముక్క పంపిన సర్జన్‌కు ఫోన్ చేస్తే నవ్వాడు. "ఫార్మలిన్‌లో వేశాం కదా మేడమ్, ఏ క్రిమైనా చచ్చిపోతుంది."

"ఇది ఫార్మలిన్‌కు చావదు! ముందే చెప్పడానికి నోరు రాలేదా?"

రజిత తన వేళ్లన్నీ తిప్పి తిప్పి చూసుకుంది. "నాకేమన్నయితే నా బిడ్డ గతేంది మేడమ్?"

ముక్కను, దాన్ని చంపగల ఫార్మిక్ యాసిడ్‌లో నానబెట్టాకే పరీక్షకు పంపాను. ఆ జబ్బేనని తేలింది.

"ఎవరికీ ఏం కాలేదుగా!" అన్నాడు సర్జన్.

నా కోపం ఇంకా చల్లారలేదు. చల్లార్చుకోవాలనీ లేదు.