పెదనాయన నిప్పు చీటీ

మొన్న మంగళవారం పొద్దున బడిలో హాజరు పిలుస్తుండగా పెదనాయన కొడుకు వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. "నాయన పోయినాడు అయ్యవారూ" అన్నాడు. ఏ జబ్బూ లేదు, రాత్రి సంగటి తిని పడుకున్న మనిషి పొద్దున లేవలేదట. నేను తెలివిలేనివాడిలా మిగిలిన పేర్లన్నీ పిలిచి, పుస్తకం మూసి, ఆ తర్వాతే కుర్చీలోంచి లేచాను. ఎందుకట్లా చేశానో ఇప్పటికీ తెలియదు.

ఆయన నాకు చుట్టం కాదు. యర్రగొండపాలెం అవతల, నల్లమల అంచున, మా రెండెకరాల చేనుకూ ఆయన చేనుకూ గట్టు ఒకటే. గట్టు చివర రిజర్వు రాళ్లు, ఆ రాళ్లు దాటితే సర్కారు అడవి. ఈ ఊరికి పంతులుగా వచ్చిన ఏడు ఆయన్ని పెదనాయనా అని పిలిచాను, ఆ పిలుపే ఉండిపోయింది.

రాళ్ల దగ్గరి చేలల్లో కంప కాల్చాలంటే ఫారెస్టు వాళ్ల దగ్గర చీటీ తీసుకోవాలన్న రూలు వచ్చినప్పుడు ఊరికి చదివి చెప్పింది నేనే. నిప్పు అడవికి అంటుకుంటే, చీటీ ఎవరి పేరున ఉందో జవాబుదారీ వాళ్లదే. తన చేలో, తన కంపకు, తాను నిప్పు పెట్టుకోవడానికి ఇంకొకరి సంతకమెందుకని పెదనాయన నన్ను మూడుసార్లు అడిగాడు. మూడోసారికి నాకూ అనుమానం వచ్చింది. అయినా చీటీ లేకుండా ఆయన అగ్గిపుల్ల గీసిన రోజు లేదు. అర్జీ నేను రాసేవాడిని, ఆయన వేలిముద్ర వేసేవాడు, గార్డు ఇచ్చిన చీటీని తలపాగాలో దోపుకుని చేలోకి పోయేవాడు.

ముందు కుప్ప చుట్టూ పారతో గడ్డి చెక్కి నాలుగు మూరల నేల బోడి చేసేవాడు. తర్వాత గుప్పెడు దుమ్ము పైకి విసిరి గాలి ఎటు పోతున్నదో చూసేవాడు. ఆఖరున కర్రతో కుప్పను తట్టి, "లేయండి, లేసి పోండి, తర్వాత నన్ను అనొద్దు" అని లోపలున్న పాములకూ తొండలకూ చెప్పేవాడు. నేను నవ్వేవాడిని. "రూలు నీ కాగితంలో ఉండాది. వాటికెవరు చదివి చెప్తారు?" అనేవాడు.

ఒక ఏడు వేసవి చివర ఆయనకు చీటీ వచ్చింది. నా చేలోనూ ఒక కుప్ప ఉంది. నా పేరున అర్జీ పెట్టుకుంటే మళ్లీ రోజులు పడుతుంది, ఈలోపు వానలు ముంచుకొస్తాయి. పొయ్యి ఆరిపోతే పక్కింటికి పోయి నిప్పు అడిగి తెచ్చుకునేవాళ్లం కదా. గట్టు ఒకటే అయినప్పుడు ఆయన చీటీ నాకూ చాలులే అనుకున్నాను. ఊరందరికీ రూలు చదివి చెప్పిన పంతులును, నేనే అట్లా అనుకున్నాను. ఆయన కుప్ప నుంచే మండే పుల్ల తెచ్చి నా కంపకు అంటించాను. చుట్టూ గడ్డి చెక్కాను గానీ ఆయనంత వెడల్పుగా కాదేమో. ఎంత చెక్కానని గుర్తు చేసుకుంటే ఒక్కోసారి ఒక్కో కొలత వస్తుంది.

మధ్యాహ్నం గాలి తిరిగింది. రాళ్ల అవతల గడ్డి అంటుకుంది. ఊరంతా పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పేసరికి పొద్దు వాలింది. మా రెండు కుప్పల నడుమ నేలంతా నల్లగా ఉంది, మంట ఎక్కడ మొదలైందో చెప్పే గుర్తు లేదు. నిప్పు పెట్టిందెవరని గార్డు అడిగాడు. పెదనాయన తలపాగా విప్పి చీటీ తీశాడు.

"చీటీ నా పేరున ఉండాది. నిప్పు నాదే."

నా కుప్ప సంగతి నేను గార్డుకు చెప్పలేదు. చెప్తే బడిలో కొలువు పోతుందని భయపడ్డాను. ఇవాళ ఈ మాట రాస్తున్నా సిగ్గుగానే ఉంది.

ఆయన పశువులను అడవిలో మేపుకునే పాసు రద్దయింది. గొడ్లను దొనకొండ దగ్గర కూతురి ఊరికి తోలేశాడు, రెండేళ్లు ఆ ఇంట్లో పాలూ మజ్జిగా లేవు. చీటీ తీసుకున్నవాడు పట్టుబడ్డాడు, తీసుకోనివాడి పేరు ఏ కాగితంలోనూ లేదు. ఇదేం పద్ధతో నాకు అర్థం కాలేదు. ఒకసారి ధైర్యం చేసి, ఆ నిప్పు నిజంగా ఎవరిదని ఆయన్నే అడిగాను. "నాకూ తెల్దు అయ్యవారూ. తెలిస్తే నీకు చెప్పనా?" అన్నాడు. నన్ను కాపాడాడో, తనదేనని నమ్మాడో తేల్చుకోలేకపోయాను. ఇక అడగడానికి మనిషి లేడు.

మంగళవారం గడప దగ్గర కొడుకు ఇంకో మాట కూడా అడిగాడు. మా శ్మశానం రాళ్లకు దగ్గర.

"చితికి గూడా చీటీ కావాల్నా అయ్యవారూ?"

రూలు కాగితం తిరగేశాను. కంప ఉంది, బొగ్గు ఉంది, చితి మాట ఎక్కడా లేదు. గార్డుకూ తెలియదు, రాసుకొస్తే సంతకం పెడతానన్నాడు. అర్జీ రాశాను. జవాబుదారు ఎవరన్న చోట వేలిముద్ర వేయడానికి కొడుకు చెయ్యి చాపాడు. ఆ చెయ్యి పక్కకు జరిపి నా పేరు రాశాను.

చితి చుట్టూ నేల నేనే చెక్కాను, నాలుగు మూరలూ కొలిచి చెక్కాను. ఆయనలాగే తువ్వాలు తలకు చుట్టి, చీటీని అందులో దోపుకున్నాను. కట్టెలను కర్రతో మెల్లగా తట్టాను, ఎవరిని లేపుతున్నానో నాకే తెలియలేదు. కొడుకు నిప్పు పట్టుకుని నా వంక చూస్తున్నాడు. గుప్పెడు దుమ్ము తీసి పైకి విసిరాను. గాలి లేదు. దుమ్ము ఎటూ పోకుండా నా పాదాల మీదే రాలింది.