రెండో గ్లాసు ఎవరిది?

మా అక్క పెళ్ళి సంబంధాన్ని ఒక్క మధ్యాహ్నంలో ముంచబోయిన ఘనత నాది. పగవాళ్ళెవరూ చేయలేదండీ, ఇంగ్లండు హత్యలు చదివి చదివి నేనే చేశాను. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. మీరు మాత్రం నవ్వండి, పర్లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను ఖమ్మంలో డిగ్రీ చదివేదాన్ని. కాలేజీ లైబ్రరీలో ఒక మూల అట్టలూడిన పాత ఇంగ్లిషు నవలలు ఉండేవి. ఎవరూ ముట్టేవాళ్ళు కాదు. నేను ముట్టాను, ఇక వదల్లేదు. బయట వాన, లోపల పెద్ద బంగళా, భోజనాల గదిలో శవం! శవం పడి ఉన్నా ఎవరూ ఏడవరు, ఇంకో కప్పు టీ పోసుకుంటారు. మా పెనుబల్లిలో కోడి పోతేనే వీధంతా గోల చేస్తాం కదా, అందుకే నాకు ఆ నిబ్బరం అంత నచ్చింది. హత్యలు అయిపోతే కాలేజీ ప్రేమకథలు. అబ్బాయీ అమ్మాయీ సైకిళ్ళ మీద నది ఒడ్డుకు వెళ్తారు, పరీక్షల గురించి మాట్లాడుకుంటారు, పుస్తకం సగం దాటినా అసలు మాట బయటపెట్టరు. "చెప్పరా మొద్దూ!" అని నేను హాస్టల్ మంచం మీద పడి కొట్టుకునేదాన్ని. ఎంత సుఖమో ఆ కొట్టుకోవడం!

అలాంటి ప్రేమకథ మా ఇంట్లోనే ఒకటి నడిచింది. మా అక్క సుగుణ, దానియేలు అనే అబ్బాయి ఖమ్మంలో కలిసి టీచరు ట్రైనింగు చేశారు. ఇళ్ళల్లో చెప్పడానికి వాళ్ళకీ ఆ నవలల వాళ్ళంత కాలం పట్టింది. చివరికి దానియేలు అమ్మానాన్నలు రాహేలమ్మ గారు, సంసోను గారు మాట ఖాయం చేసుకోవడానికి చర్ల నుంచి మా ఇంటికి వచ్చారు. రాహేలమ్మ గారికి ఒకటే పట్టింపు: మందు ముట్టే ఇల్లయితే సంబంధం వద్దు. మాకేం భయం? నాన్న పోయాక ఇంటిపెద్ద మా తాత. చర్చిలో సంఘపెద్ద కూడా ఆయనే. తాగుడు మీద ఆయన ప్రసంగం వింటే పిల్లలు మంచినీళ్ళు తాగడానికి కూడా జంకేవాళ్ళు.

భోజనాలయ్యాక తాత కనిపించలేదు. వెతుక్కుంటూ పెరట్లో పశువుల కొట్టంలోకి వెళ్తే, నులక మంచం మీద వెల్లకిలా పడి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు, కుదిపితే కదల్లేదు. నోటి నుంచి ఏదో చప్పుడు. అది గురక అని ఎవరికైనా తెలుస్తుంది. నాకు మాత్రం విషం పనిచేసే శబ్దంలా వినిపించింది. మంచం కింద రెండు స్టీలు గ్లాసులు, పక్కన కోడి ఎముకలున్న పళ్ళెం. ఒకటి వాసన చూశాను. ఘాటుగా, తియ్యగా, జన్మలో ఎరగని వాసన. నా నవలల్లో విషం బాదం వాసన వేస్తుంది. మా ఇంట్లో బాదంపప్పు ఎన్నడూ కొనలేదు కాబట్టి ఇది బాదం వాసనే అని తేల్చేశాను.

డాక్టరు కోసం పరిగెత్తాలా? నా నవలల్లో ఎవరూ పరిగెత్తరు. అందర్నీ ఒక గదిలో కూర్చోబెడతారు. అందరూ ముందు గదిలోనే ఉన్నారు. నేనూ అందులోకి వెళ్ళి తలుపు గడియ పెట్టాను.

"ఎవ్వరూ కదలొద్దు! తాతకు విషం పెట్టిన్రు!"

అమ్మ చేతిలోని కాఫీ పళ్ళెం కింద పడింది. అక్క ముఖం పాలిపోయింది. సంసోను గారు కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూలబడ్డారు.

"ఏందే గ్రేసీ, ఏమంటున్నవ్? ఓ ప్రభువా! తలుపు తియ్, డాక్టర్ని పిలవాలె!" అంది అమ్మ.

"డాక్టరు తర్వాతమ్మా. ముందు హంతకుడు దొరకాలె. ఈ గదిలనే ఉన్నడు."

"నీ హంతకుని మీద మన్నువడ, జల్దీ తియ్యవే తలుపు!"

నేను తీయలేదు. వేలిముద్రలు చెడకుండా రుమాలుతో పట్టుకొచ్చిన గ్లాసు పైకెత్తి చూపించాను. "ఇటు తే బిడ్డా" అని రాహేలమ్మ గారు అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆమె ముఖం మారిపోయింది.

"ఇది విషం కాదు. మా దిక్కు అడవిల కాసే ఇప్పసారా."

సంఘపెద్ద సారా తాగి పడుకున్నాడు! అమ్మ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారింది. "అయిపాయె, నా బిడ్డ పెళ్ళి అయిపాయె" అని తల పట్టుకుంది. అక్క నా వంక చూసిన చూపుకు ఆ ఇంట్లో నిజంగానే ఒక హత్య జరగాల్సింది.

అక్కడ ఆగి ఉంటే బాగుండేది. కానీ చిక్కుముడి సగం విప్పి వదిలేయడం నా వల్ల కాలేదు.

"మరి రెండో గ్లాసు ఎవరిది?" అన్నాను.

"నోరు ముయ్యవే," అంది అక్క.

"పక్కన పళ్ళెంల కోడి బొక్కలున్నయ్, పిండి పిండి నమిలిన్రు. తాతకు ఒక్క పన్ను లేదు. అంటే పళ్ళున్న మనిషెవరో పక్కన కూసున్నరు. అన్నం తిన్నాక మామిడిచెట్లు చూసొస్తనని పెరట్లకు పోయింది ఎవరు?"

అందరి తలలూ సంసోను గారి వైపు తిరిగాయి. ఆయనకు ఎక్కిళ్ళు మొదలయ్యాయి.

"ఒక్క గుక్కనే రాహేలూ... చుట్టపోళ్ళింటికి ఉత్త చేతులతోని ఎట్ల వస్తనని..."

నేరస్థుణ్ణి పట్టుకున్నాక ఏం చేయాలో ఏ నవలలోనూ లేదు, అక్కడితో పుస్తకం అయిపోతుంది. అక్క చున్నీ నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. రాహేలమ్మ గారు లేచారు. వెళ్ళిపోతున్నారనే అనుకున్నాం. ఆమె అమ్మ దగ్గరికి వచ్చి, చెయ్యి పట్టుకుని లేపారు.

"సంబంధం ఖాయం వదినా. సీసా మోసుకొచ్చింది నా మొగుడే అయితే మీ ఇంటిని నేనేమంట? ఒక్కటే షరతు. నెలకోసారి ఈ చిన్నపిల్లను మా చర్లకు తోలాలె. ఈయన సీసాలు యాడ దాస్తుండో పెళ్ళయిన కాడ్నుంచి దేవులాడుతున్న, దొరుకుతలేవ్!"

అమ్మ మాత్రం అప్పటికప్పుడే నా చెయ్యి బైబిలు మీద పెట్టించింది. "బతికున్నంత కాలం చుట్టాల నేరాలు కనిపెట్టను. గురకను గురకగానే గుర్తిస్తాను. నిద్రపోయేవాళ్ళ గ్లాసులు వాసన చూడను" అని గంభీరంగా ప్రమాణం చేశాను. గది మొత్తంలో అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నది సంసోను గారు.