కిటికీ అవతలి హిమాలయాలు

ఉప్పల్ ఇంకా గ్రేటర్ హైదరాబాద్‌లో కలవని రోజులు. నాచారంలో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. సోషల్ పాఠం నడుస్తుండగా ఇన్‌స్పెక్షన్‌కని ఓ పెద్దాఫీసరు వచ్చారు. నన్ను లేపి, "ఉత్తరం ఎటుందో చూపించమ్మా" అన్నారు. మ్యాపులో ఉత్తరం పైనుంటుందని బట్టీ పట్టినదాన్ని కదా, ధైర్యంగా చెయ్యెత్తి ఫ్యాను వైపు చూపించాను.

క్లాసంతా ఒకటే నవ్వు. ఆఫీసరు మా టీచర్ వైపు అదోలా చూశారు. నా వల్ల ఆమెకు మాటొస్తుందని ఏడుపొచ్చేసింది.

టీచర్ గోడకున్న ఇండియా మ్యాపు తీసి నేల మీద పరిచి, పైభాగాన్ని కిటికీ వైపు తిప్పారు.

"గిప్పుడు సూడు బిడ్డా. ఈ కిటికీలకెల్లి సీదా పోతే ఏమొస్తది?"

"కాప్రా, టీచర్."

"అది దాటి ఇంక పోతనే ఉంటే?"

మ్యాపు మీద వేలు జరుపుకుంటూ పోయాను. చివరికి చేరేసరికి అరిచేశాను. "హిమాలయాలు, టీచర్!"

అప్పటిదాకా అవి పుస్తకంలో ఉండేవి. ఆ రోజు మా కిటికీ అవతలికి వచ్చేశాయి.

ఆ మోజుతోనే మ్యాపుల పని నేర్చుకున్నాను. ఇప్పుడు ఉప్పల్‌లో ఓ ఆఫీసులో కూర్చుని కంప్యూటర్ మీద హిమాలయాల దారులు గీస్తాను. ఏ మలుపు తర్వాత ఏ ఊరొస్తుందో చూడకుండా చెబుతాను. ఒక్కసారీ వెళ్లింది లేదు. సాయంత్రం ఇంటికి కాప్రా బస్సెక్కుతాను. ఆఖరి స్టాపులో అందరూ దిగుతుంటే, డ్రైవరన్న ఈ ఒక్కరోజుకి ఆపకుండా ఇంకా ముందుకు పోనిస్తే బాగుండుననిపిస్తుంది.