మా అత్త, ఆమె ఎండగట్టిన చీనీ చెట్లు

అత్త పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను కుప్పంలో మా బట్టలంగడి షట్టరు ఎత్తుతున్నాను. చేసింది మా బావ, అంటే అత్త కొడుకు. "అమ్మ పోయిందమ్మీ" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే "వయసైపోయిండాది కదా" అని కూడా అనేశాడు. పలమనేరులో బస్సు మారి పుంగనూరు చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను. కానీ ఏడుపు కన్నా కోపమే ఎక్కువ. ఆ కోపం ఈరోజుకీ తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా నాకు లేదు.

ఆమె మా నాన్నకు అక్క. పుంగనూరు పక్కన పల్లెలో, బావి కింద ఆమెకు ఒక చీనీ తోట, అదే బత్తాయి తోట ఉంది. తోట అంటే పెద్ద మాటే, ఇంటి వెనక చిన్న మడి. ఆ చెట్లు మా బావ కంటే పెద్దవి. బావకేమో మనవరాలు పుట్టింది. చుట్టుపక్కల అందరూ చీనీ పెట్టినవాళ్ళే. పదిహేను, ఇరవై ఏళ్ళకు కాపు తగ్గగానే "ముసలివైపోయినాయి" అని పెరికేసి టమోటా వేసుకున్నారు. అత్త పెరకలేదు. పక్క చేని రైతు ఒకసారి గట్టు మీద నిలబడి, "ఇంకెన్నేండ్లు కాస్తాయి లేక్కా ఇవి, తీసేయరాదా" అన్నాడు. అత్త చేతిలో పారతోనే అతని మీదికి తిరిగింది.

"చెట్టు ఎందుకు సస్తాండాదో అడగప్పా. దానికెన్నేండ్లో అడగబాక."

ఆమె ఆ చెట్లకు చేసిన చాకిరీ నేను కళ్ళారా చూశాను. నీళ్ళు మానుకు తగలనిచ్చేది కాదు. చెట్టు మొదలు చుట్టూ మట్టి ఎగదోసి, పాదు దూరంగా తీసేది. ఎక్కడైనా బంక కారితే ఆరోజు ఆమెకు అన్నం సయించేది కాదు. ఆ చోటంతా గీకి, సున్నమూ మైలుతుత్తమూ కలిపి పూసేది. నిటారుగా పైకి లేచే నీటికొమ్మలు కనపడితే చాలు, "తినేదే గానీ కాసేది లేదు, మా ఇంట్లో మొగోళ్ళ మాదిరి" అంటూ కత్తిరించి పారేసేది. బావ అక్కడే ఉంటే ఆ మాట ఇంకాస్త గట్టిగా అనేది.

పడుచు చెట్లంత విరగకాసేవని నేను చెప్పను. కాపు తగ్గింది. కానీ ఏ ఏడూ మానలేదు. మదనపల్లె మార్కెట్లో ఒక వ్యాపారి "ముసలి చెట్ల కాయలమ్మా, రసం ఉండదు" అని తీసిపారేస్తే, అత్త ఒక కాయ కోసి అతని అరచేతిలోనే పిండింది. రసం మోచేతి దాకా కారింది. "ఇది రసం గాకపోతే ఏందప్పా, నా కండ్లనీళ్ళా?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, వ్యాపారి కూడా నవ్వాడు. అత్త మాత్రం నవ్వలేదు.

ఇక అసలు సంగతి. ప్రతి చలికాలం ఆమె ఆ చెట్లను ఎండగట్టేది. చీనీ పెంచినవాళ్ళకు తెలిసిన పనే ఇది. కొన్నాళ్ళు నీళ్ళు పూర్తిగా ఆపేస్తారు. ఆకు ముడుచుకుని వేలాడుతుంది, కొంత రాలుతుంది కూడా. అప్పుడు పాదులు తవ్వి, ఎరువు వేసి, నీళ్ళు కడితే చెట్టు ఒక్కసారిగా పూత పడుతుంది. ఎప్పుడు ఆపాలో, మళ్ళీ ఎప్పుడు కట్టాలో ఆకును వేళ్ళతో నలిపి చూసి ఆమే చెప్పేది. ఇంట్లో ఇంకెవరూ పట్టించుకునేవారు కాదు.

ఈసారి చలికి నీళ్ళు ఆపిన తర్వాత ఆమెకు దగ్గు పట్టింది. నేను ఫోను చేసిన ప్రతిసారీ వెనకాల ఆ దగ్గే వినిపించేది. "మదనపల్లెకు తీసుకుపో బావా" అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో! "వయసు కదమ్మీ, సలి తగ్గితే అదే పోతాది" అనేవాడు. కోడలూ అదే మాట, చూడ్డానికి వచ్చిన చుట్టాలూ అదే మాట. దగ్గితే వయసు, అన్నం తినకపోతే వయసు, నడవలేకపోతే వయసు. మీరే చెప్పండి, వయసు అనేది ఒక జబ్బా? మదనపల్లెలో ఆస్పత్రులకు కొదవా? ఎక్కితే బస్సు, దిగితే డాక్టరు. ఇంట్లో మోటారు పాడైతే ఆ పూటే మెకానిక్కు వస్తాడే! ఆమె ఏ జబ్బుతో పోయిందో ఈరోజుకీ మాకు తెలియదు. ఎందుకంటే ఎవరూ అడగలేదు.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక అందరూ తోట వైపు చేరారు. ఆకులన్నీ ముడుచుకుపోయి, కొమ్మలు నేల చూపులు చూస్తున్నాయి. ఒక పెద్దాయన కండువాతో కళ్ళొత్తుకుని, "సూడండప్పా, సెట్లు గూడా ఆయమ్మ కోసం ఏడుస్తాండాయి" అన్నాడు. ఆడవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. బావ నిట్టూర్చి, "వాటికీ వయసైపోయిండాది. అమ్మతోనే పోతాండాయి. సోమవారం జేసీబీకి సెప్పినాను" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏడుపా? దప్పిక బావా అది, దప్పిక! అత్త ఎండగట్టింది. నీళ్ళు కట్టే పొద్దుకు మంచాన పడింది. ఇంటెడుమంది ఉండి ఒక్కరైనా మోటారు వేసినారా?" అని అరిచాను. కర్మ రోజు ఆ గొంతేమిటని మా పిన్ని చెయ్యి పట్టి లాగింది. విదిలించుకుని పోయి స్టార్టరు నొక్కాను. కొత్త చీర కుచ్చిళ్ళు ఎగదోపి, పాదులు తవ్వి నీళ్ళు మళ్ళించాను. కాసేపటికి పక్క చేని రైతు తన పార తెచ్చుకుని రెండో వైపు నుంచి మొదలుపెట్టాడు. మావాళ్ళు చూస్తూ నిలబడ్డారు. బావ జేసీబీవాళ్ళకు వద్దని చెప్పాడు.

పోయిన వారం ఫోను చేసి, "ఒకసారి రామ్మీ" అన్నాడు. పోయాను. చెట్టు చెట్టూ పూతతో తెల్లగా ఉంది. ఆ వాసన వీధిలోకే కొడుతోంది. చూసి సంతోషపడాల్సింది పోయి, మళ్ళీ కోపమే వచ్చింది నాకు.

"నీళ్ళే అమ్మీ" అన్నాడు బావ. "ఒట్టి నీళ్ళు కట్టినాము, అంతే." నా వైపు చూడకుండా, "అమ్మకు గూడా అట్ల ఏదో కావల్సిండెనేమో" అన్నాడు.

కొమ్మల్లో తేనెటీగలు మోత పెడుతున్నాయి. బావ మాను మీద చెయ్యి పెట్టి అట్లాగే నిలబడ్డాడు. నెత్తి మీద, భుజాల మీద పూరేకులు రాలుతున్నా దులుపుకోలేదు.