జానెడు దూరం

ఉద్దానంలో గోల్ఫు ఆటలో నన్ను మించినవాడు ఇంతవరకూ పుట్టలేదు. మొన్న పూండి స్టేషన్ ఎదుట టీ బడ్డీ దగ్గర, బండి ఆలస్యమని కూర్చున్నప్పుడు, బడ్డీ నడిపే ఆవిడ ఫోనులో ఎవరో టోపీ పెట్టుకున్నాయన గోల్ఫు గెలవాలంటే మనసును ఎలా ఉంచుకోవాలో చెబుతుంటే, నేను ఈ మాటే గట్టిగా అన్నాను. ఆవిడ టీ వడకడుతూ, "ఏటి మావా, జీడిపిక్కల్తో ఆడినావేటి" అంది. పక్కనే మా బావ, అంటే మా అక్క మొగుడు, గ్లాసు ఊదుకుంటున్నాడు. మీ దగ్గర దాచడమెందుకు, నాకు తెలిసి మా వైపు ఆ ఆట ఆడినవాళ్ళం ఇద్దరమే, రెండోవాడు ఈ బావే.

నాకు పెళ్ళికాని రోజుల్లో నేనూ బావా విశాఖపట్నంలో ఒక గోల్ఫు క్లబ్బులో ఆడేవారి సంచులు మోసేవాళ్ళం. ఇంటికి వచ్చినప్పుడల్లా నేను కొబ్బరి మట్టను కర్రలా చెక్కుకుని, తోటలో రాలిన పిందెలను ఇసుకలోంచి లేపి కొట్టేవాణ్ణి. మాదంతా ఇసుక నేల కాబట్టి నా చేతులకు మరొకటి తెలియదు, నున్నటి గడ్డి మీద బంతిని చూస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తోచేది కాదు. క్లబ్బులో ఆట నేర్పే పెద్దాయన, కొట్టే ముందు మనసులో ఏమీ ఉండకూడదనేవాడు. నేను ప్రయత్నిస్తే, ఏమీ ఉండకూడదన్న ఆ మాటే వచ్చి మధ్యలో కూర్చునేది. దాన్ని ఎలా పంపాలో ఆయన చెప్పలేదు, ఈ ఫోనులో ఆయనా చెప్పడం లేదు.

ఒక ఏడాది సంచులు మోసేవాళ్ళకే పోటీ పెట్టి, గెలిచినవాణ్ణి ఖాయం ఉద్యోగంలోకి తీసుకుంటామన్నారు. అక్కకు నెలలు నిండుతున్నాయి, బావకు ఆ ఉద్యోగం ఎంత అవసరమో నాకు తెలుసు, నాకూ కావాలి. చివరి గుంట దగ్గరకు వచ్చేసరికి ఇద్దరం సమానం. ఎదురుగా పచ్చటి దారి ఉండగా నేను కావాలని బంతిని పక్కనున్న ఇసుక గోతిలోకి కొట్టాను. ఆ గోతులు ఆడేవాణ్ణి ఇబ్బంది పెట్టడానికి తవ్వుతారట, నాకైతే అందులో దిగగానే ఇంటికి వచ్చినట్టుంది. అందరూ నవ్వుతుండగానే ఒక్క దెబ్బకు బంతి లేచి వెళ్ళి గుంటకు జానెడు దూరంలో ఆగింది. బావ తన బంతి గుంటలో వేసేశాడు. నేను ఆ జానెడూ నెడితే మళ్ళీ సమానం. నెట్టాను, పక్కకు పోయింది, ఉద్యోగం బావదయింది.

చెట్టు కింద నిండు కడుపుతో నిలబడ్డ అక్కను చూసి, చేతులారా బంతిని పక్కకు పోనిచ్చానని అప్పటినుంచీ ప్రతి పెళ్ళిలోనూ చెబుతూ వచ్చాను. నిజానికి అక్క ఆ రోజు అక్కడ లేదు, పురిటికి ఇక్కడే మా అమ్మ దగ్గర ఉంది. మరి బంతి ఎందుకు పక్కకు పోయిందో, అక్క గుర్తొచ్చిందో, పెద్దాయన మాట అడ్డొచ్చిందో, గడ్డి మీద నెట్టడం రాకనో, చెప్పీ చెప్పీ ఏది జరిగిందో ఏది నేను చేర్చిందో నాకే తెలియకుండా పోయింది. ఇప్పుడు మనసును ఎలా ఉంచుకోవాలో టీ తాగుతూ నేర్చుకోవచ్చు, ఆ రోజుల్లో అడగడానికే సిగ్గుపడేవాళ్ళం. ఆ కథ మళ్ళీ చెప్పమని అడిగే అక్క మాత్రం ఇప్పుడు లేదు.

బడ్డీ ఆవిడకు నేను చెప్పింది ఆ పాత కథే. ఆవిడ, "అక్క కోసం అంత ఉజ్జోగం ఒగ్గేసినావా మావా" అంటూ నా గ్లాసులో ఇంకొంచెం టీ పోసింది. అప్పుడు బావ తన గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"జానెడు కాదురా, నాలుగు బారలు. నువ్వు ఇసకలో ఎగరేసి నలుగుర్నీ నవ్వించి తొంగుంటే, నాను రోజూ తెల్లారగట్ల మంచుగడ్డి మీద గుంటలోకి నెట్టే ఆ సిన్న దెబ్బే వందసార్లు కొట్టీవోణ్ణి. తమ్ముడు నాకోసం ఒగ్గేసినాడని మీ అక్క మురిసిపోతంటే, అది ఉన్నన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. ఆ ఉజ్జోగం నువ్వు ఒగ్గేసింది కాదు, నాను గెలిసింది."