నలభై ఏడో నంబరు బిళ్ళ

మనకు ఊపిరినిచ్చి, ఆ ఊపిరిని ఈ పూట వరకూ కాచిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆయనను తలుచుకోకుండా ఈ సంగతి మొదలుపెట్టడానికి నాకు ధైర్యం చాలదు.

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. విజయనగరంలో మా నాన్న సంఘ పెద్ద. నేను ఆదివారం బడిలోనే పెరిగాను. చనిపోయినవారు దేవుని చేతిలో ఉంటారనీ, వీధుల్లో తిరగరనీ చిన్నప్పుడే నేర్చుకున్నాను. హాస్టల్లో తోటి అమ్మాయిలు దయ్యాల కథలు చెప్పుకుంటుంటే నేను హాయిగా నిద్రపోయేదాన్ని. ఇప్పుడు రాసేది కూడా చనిపోయినవారి గురించి కాదు. ఇందులో ఎవరూ చనిపోలేదు. నాకు అర్థం కానిది అదే.

2015, 16 ప్రాంతంలో నరసన్నపేట దాటాక హైవే పక్కనున్న ఒక రొయ్యల కంపెనీలో సిబ్బంది వ్యవహారాలు చూసేదాన్ని. పనివాళ్ళలో ఎక్కువ మంది ఆడవాళ్ళే. సగం మంది భావనపాడు వైపు నుంచి కంపెనీ బస్సులో వచ్చే మత్స్యకారుల ఇళ్ళవాళ్ళు. మిగతా సగం చుట్టుపక్కల వరి పండించే ఊళ్ళవాళ్ళు.

కొత్తగా చేరిన అమ్మాయిలు వారం తిరక్కుండానే మానేసేవారు. చలి, నీచు వాసన, ఎవరిని ఏమడగాలో తెలియని భయం. దీనికి విరుగుడుగా విశాఖపట్నం ఆఫీసు నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రతి కొత్త మనిషికీ ఒక పాత మనిషిని 'బడ్డీ'గా జతచేయాలి. పని నేర్పడం, భోజనానికి తీసుకెళ్ళడం, రొయ్యల పెట్టెలు నిల్వచేసే చలిగదిలోకి వెళ్ళినప్పుడు తోడుండడం ఆ పాత మనిషి బాధ్యత. ఆ ఏర్పాటు నాకు అప్పగించారు.

జాబితా రాసుకుని, షిఫ్టు మొదట్లో అందరినీ నిలబెట్టి వివరించాను. భావనపాడు అప్పలనరసమ్మ చెయ్యెత్తి, తన పక్కన నిలబెట్టిన కొత్త అమ్మాయిని చూపించింది. ఆమెకు యాభై దాటాయి. భర్త లేడు, కొడుకు దగ్గర ఉంటుంది. నోరు పెద్దది.

"బడ్డీ ఏటి మేడమ్మా? మా ఊర్లో బడ్డీ అంటే కిల్లీలమ్మే కొట్టు. ఈ పిల్ల నెత్తి మీద నానేటి, సోడాలు పెట్టి అమ్మాలా?"

హాలంతా గొల్లుమంది. నవ్వులు తగ్గాక ఆమే అంది. "నేస్తం అని సెప్పండి. అందరికీ తెలుస్తాది."

ఆ మాట బాగుందని అదే ఖాయం చేశాను. దాని బరువు నాకప్పుడు తెలియదు. అక్కడి ఆడవాళ్ళలో నేస్తం కట్టుకోవడమంటే చిన్న విషయం కాదు. ఒకసారి కట్టుకుంటే చుట్టరికంతో సమానం. ఆ తర్వాత ఒకరినొకరు పేరుతో పిలవరు, 'నేస్తం' అనే పిలుస్తారు. ఒకరింట్లో కష్టమొస్తే రెండో ఇంటివాళ్ళు వచ్చి నిలబడాలి. మరుసటి రోజు భోజనాల వేళ మా పాత పనివాళ్ళు తమకిచ్చిన కొత్తవాళ్ళ తలలో పూలు పెట్టి, ఒకే గిన్నెలో కలుపుకుని తినడం చూశాను. విశాఖపట్నం వాళ్ళు పంపింది ఒక పద్ధతి. వీళ్ళు చేసుకున్నది ఒక బంధుత్వం.

అప్పలనరసమ్మకు జతగా వచ్చిన అమ్మాయి గౌరి. ఇరవై ఏళ్ళు, వరి రైతుల ఇంటి పిల్ల. మొదటి రోజు అప్పలనరసమ్మ కలిపిన చేపల పులుసన్నం ముద్ద ముందు తటపటాయించింది. "తినీవే, ముల్లు నేను తీసీసినాను" అని ఆమె గదమాయిస్తే కళ్ళు మూసుకుని తినేసింది. ఆ తర్వాత ఇద్దరినీ విడిగా చూసింది లేదు.

ఇక బిళ్ళల సంగతి చెప్పాలి. చలిగది మైనస్ ఇరవై డిగ్రీలలో ఉంటుంది. ఒంటరిగా ఎవరూ వెళ్ళకూడదు. ప్రతి పనిమనిషికీ నంబరున్న అల్యూమినియం బిళ్ళ ఇచ్చాం. జంటగా లోపలికి వెళ్ళేటప్పుడు రెండు బిళ్ళలూ తలుపు పక్కన ఒకే మేకుకు తగిలించాలి, బయటికి వచ్చాక తీసుకోవాలి. గౌరిది నూట పన్నెండు. అప్పలనరసమ్మది నలభై ఏడు. తన బిళ్ళకు ఆమె ఇంటి నుంచి తెచ్చిన నీలం వలతాడు ముడివేసుకుంది. అలాంటి తాడు ఇంకెవరి బిళ్ళకూ లేదు.

మూడు నెలలయ్యాక నేను ఒక తప్పు చేశాను. అప్పలనరసమ్మకు మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాయి. ఆమెను కూర్చుని రొయ్యలను సైజుల వారీగా వేరుచేసే గ్రేడింగు పనికి మార్చి, గౌరికి లక్ష్మి అనే ఇంకో పాత మనిషిని జతగా రాశాను. మంచే చేస్తున్నానని అనుకున్నాను. చలిగది పని లేదు కాబట్టి బిళ్ళ తిరిగి ఇవ్వమన్నాను.

ఆమె బిళ్ళను గుప్పిట్లో బిగించింది.

"కట్టుకున్న నేస్తాన్ని కాగితం మీద కొట్టీస్తారేటి మేడమ్మా?"

"నీ మోకాళ్ళ కోసమే కదా అప్పలనరసమ్మా!"

"నా మోకాళ్ళు ఏటైనా అడిగాయా మిమ్మల్ని?" అని బిళ్ళ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. దాన్ని నా సొరుగులో వేసి తాళం వేశాను. తాళంచెవి నా చేతిసంచిలో ఉంటుంది. రెండోది విశాఖపట్నం ఆఫీసులో ఉంది. మరునాటి నుంచి ఆమె పనికి రాలేదు. జ్వరమని కబురు పంపింది. అలకనుకున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం. ఎండ మండిపోతోంది. కరెంటు పోయి జనరేటరు నడుస్తోంది. అందరూ భోజనాలకు వెళ్ళారు. పెట్టెలకు చీటీలు అంటించే పని మిగిలిపోయిందని గౌరి లక్ష్మిని పిలిచింది. "పద, తినీసి వస్తన్నాను" అంది లక్ష్మి. కొత్త జతను రెండోసారి అడగడానికి మొహమాటపడి, గౌరి తన ఒక్క బిళ్ళ తగిలించి లోపలికి వెళ్ళిపోయింది.

తలుపు మూసుకుంది. లోపలి నుంచి తెరిచే మీట మంచు పట్టి బిగిసిపోయింది. సాయం కోసం మోగించే గంటను జనరేటరు లైనుకు కలపలేదు. గౌరి తలుపు బాదింది, అరిచింది. అంత మందం తలుపు వెనక నుంచి చప్పుడు బయటికి రాదు.

తలుపు చూసుకునే సింహాచలం అనే పెద్దాయన ఆ సమయంలో వెనకవైపు జనరేటరు దగ్గర నీడలో కూర్చుని ఉన్నాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. నీలం ఏప్రాను, టోపీ, మాస్కుతో ఒక ఆడమనిషి మూల తిరిగి వచ్చింది. "ఒరే సింవాసెలం, కునుకుతన్నావేటిరా? నా నేస్తం లోపలుండిపోనాది. లెగు, తలుపు తియ్యి!" అని కసిరింది. గొంతు అప్పలనరసమ్మది. ఆయనను 'ఒరే' అనే మనిషి కంపెనీలో ఆమె ఒక్కతే. ఆయన పరుగెత్తుకొచ్చి తలుపు లాగాడు. గౌరి గుమ్మంలోనే కూలబడి ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి, కానీ స్పృహ ఉంది.

నేను వెళ్ళేసరికి ఆమెను ఎండలో కూర్చోబెట్టి రెండు కోట్లు కప్పారు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆమె అన్న మొదటి మాట, "నేస్తం ఏదీ?"

ఏ నేస్తమని అడిగాను. "మా నేస్తమే. సింవాసెలం తాతని తిడతంటే ఇనపడ్డాది. తలుపు తెరిసినప్పుడు కనపళ్ళేదు." తను బాదిన చప్పుడే బయటికి రాలేదు. బయటి గొంతు లోపలికి ఎలా వినిపించిందో నాకు తెలియదు.

అప్పుడు మేకు వైపు చూశాను. నూట పన్నెండు పక్కనే నలభై ఏడు వేలాడుతోంది. నీలం వలతాడు, అదే ముడి.

ఆఫీసు గదికి వెళ్ళాను. సొరుగు తాళం వేసే ఉంది. చేతిసంచిలోంచి తాళంచెవి తీసి తెరిచాను. బిళ్ళ లేదు. మిగతావన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

నేను తొందరపడి దేన్నీ నమ్మే మనిషిని కాను. ఆ రోజు పనికి వచ్చిన ఆడవాళ్ళందరినీ ఒక్కొక్కరిగా అడిగాను. ఒక ప్రాణం కాపాడామని చెప్పుకోవడానికి ఎవరూ వెనకాడరు కదా. సింహాచలాన్ని పిలవడానికి తాము వెళ్ళామని ఎవరూ అనలేదు. గేటు పుస్తకంలోనూ, వేలిముద్ర యంత్రంలోనూ అప్పలనరసమ్మ వచ్చినట్టు లేదు.

మరునాడు భావనపాడు వెళ్ళాను. ఆమె చాప మీద పడుకుని ఉంది. నిజంగానే జ్వరం. నిన్న మధ్యాహ్నమంతా అత్త ఇంట్లోనే ఉందని కోడలు చెప్పింది. ఎదురింటివాళ్ళూ అదే చెప్పారు. జరిగింది విని అప్పలనరసమ్మ లేచి కూర్చుంది.

"పిల్ల బాగున్నాదా?"

"బాగుంది. నిన్న మధ్యాహ్నం నువ్వెక్కడున్నావు?"

"నాకేటి తెలుస్తాది మేడమ్మా? జావ తాగి పడుకున్నాను. కలేటీ రానేదు." దుప్పటి పక్కకు తోసి, "ఆ లచ్చిమికి బుద్ధి నేదేటి? పిల్లని ఒక్కదాన్నీ ఒగ్గీసి తింటాదా?" అని లక్ష్మిని తిట్టడం మొదలుపెట్టింది. ఆ తిట్లలో జ్వరం కూడా మరిచిపోయింది. మిగతా విషయం మీద ఆమెకు ఆసక్తే లేదు.

నేను మాత్రం ఆమె ముందు చాప అంచున కూర్చుని క్షమించమని అడిగాను. ఆ వారంలోనే గౌరిని కూడా గ్రేడింగు హాలుకు మార్చి, ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర వేశాను. విశాఖపట్నం ఆఫీసు కారణం అడిగింది. "విడదీయడం నా పొరపాటు" అని రాశాను.

ప్రమాద నివేదికలో ఇంకో ప్రశ్న ఉంది. సమాచారం ఇచ్చినవారి పేరు. అప్పలనరసమ్మ పేరు రాస్తే అబద్ధం. ఇంకెవరి పేరు రాసినా అబద్ధమే. ఖాళీగా పంపాను. ఎవరూ తిరిగి అడగలేదు.

మా పాస్టరు గారికి అంతా చెప్పాను. దేవుడు తన దూతను పంపి ఉంటాడన్నారు. నేను ఆ మాటను కాదనను. ఒకరోజు సింహాచలంతో అన్నాను కూడా. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "దేవదూతయితే నన్ను ఒరే అంటాదేటమ్మా?" అన్నాడు.

పన్నెండేళ్ళు ఆదివారం బడిలో పాఠాలు చెప్పినదాన్ని, అయినా రెండు ప్రశ్నలు నన్ను ఇప్పటికీ వదల్లేదు. తన ఇంట్లో నిద్రపోతున్న బతికున్న మనిషి గొంతు అంత దూరంలో ఎలా వినిపించింది? తాళం వేసిన సొరుగులోని బిళ్ళ మేకు మీదికి ఎలా చేరింది? వెతికాను, అడిగాను, మోకరించాను. తెలియలేదు.

ఇది చదువుతున్న మీరు ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, గౌరిని మాకు తిరిగి ఇచ్చినందుకు వందనాలు. ఆ మధ్యాహ్నం ఎవరిని పంపావో నాకు చెప్పకపోయినా సరే. మంచి చేస్తున్నాననుకుంటూ మనుషులను విడదీసే నా చేతిని నీవు పట్టుకో. నిన్ను ఇంకా ఎరుగని అప్పలనరసమ్మ మోకాళ్ళకు బలమివ్వు. ఆమేన్.